పంతొమ్మిది తర్వాత సుత్తి

సోమవారం, సాయంత్రం
అక్క ఏడుపు మొహంతో వచ్చింది. దాని కూతురికి (ఇంట్లో అందరికీ పిడుగు) ఏడు దాటి అంకెలు రావట. శనివారం ఇరవై దాకా చెప్పకపోతే మళ్ళీ అదే క్లాసట. ఐదేళ్ళ పిల్లకి! ఒళ్ళు మండింది. నన్నూ ఇలాగే రెండుసార్లు కూచోబెట్టారు. లేచి వచ్చేశాను. మోటారు బళ్ళు బాగుచెయ్యడం, చదవడం, రెండూ నాకు నేనే నేర్చుకున్నాను.
శపథం: రోజూ అరగంట నేనే చెప్తాను. అరవను. అస్సలు అరవను!

మంగళవారం
చొక్కా గుండీలతో మొదలుపెట్టాం. ఏడు దాకా పరుగే పరుగు. ఎనిమిదో గుండీ నోట్లో వేసుకుంది. అరవలేదు. గొంతు పెంచానంతే.

బుధవారం
నేను పనిచేసే మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళాను. గోడకి వరసగా బోల్టులు విప్పే పానాలు, ఒక్కోదాని మీద ఒక్కో సైజు అంకె. మొదటిదే ఎనిమిది! "ఎనిమిది పానా ఇవ్వవే!" ఇచ్చింది. "పన్నెండు!" ఇచ్చింది!! ఓనరు నోరెళ్ళబెట్టాడు. "నీకంటే నయమే!"
నేనొక మేధావిని.

గురువారం
పాఠం కుదర్లేదు. షెడ్డు నిండా బళ్ళు. పిడుగు పానాలు అందించింది. అదీ పాఠమే కదా? ఒక్కసారి అరిచాను. బండి మీద. అది లెక్కలోకి రాదు.

శుక్రవారం
గడగడా చెప్పేస్తోందంది అక్క. నేను వినలేదు. చేతులు గ్రీజు. చెవులకి గ్రీజు లేదనుకోండి, అయినా.

శనివారం
టీచరమ్మ ముందు పిడుగు చేతులు కట్టుకుంది. ఒకటి నుంచి ఏడు, ముత్యాల్లా. తర్వాత: "ఎనిమిది, పది, పన్నెండు, పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిది..."
"ఆ తర్వాత?"
"సుత్తి!"
మా షెడ్డు గోడ మీద అచ్చం అదే వరస.
"ఎవరమ్మా నేర్పింది?"
"మా పిన్ని!" ఎంత గర్వమో.
అరిచాను. టీచరమ్మ మీద, పిడుగు మీద, ఖాళీ బల్ల మీద. ఆవిడ నవ్వాపుకుంటూ రెండు వారాలు గడువిచ్చింది. "మధ్యలోవి కూడా పట్టుకురండమ్మా."
గేటు దగ్గర పిడుగు చెయ్యి లాగింది. "తొమ్మిది పానా లేదేం పిన్నీ?"
"దానికి తగిన బోల్టు మన బళ్ళకి రాదే."
"పాపం!"

ఆదివారం
అట్టపెట్టె కోసి, గోడ మీద లేని పానాలన్నీ చేశాను. ఉన్నవీ చేశాను. ఒకటి నుంచి ఇరవై! మళ్ళీ మొదలు. రోజూ అరగంట. అరవను, ఒట్టు! ఇంటి గోడకి వరసగా తగిలించి, వెనక్కి జరిగి మురిసిపోయాను.
"పిన్నీ! తొమ్మిదేదీ?" ఇల్లు అదిరిపోయేలా అరిచింది పిడుగు.
"అరవకూడదమ్మా" అన్నాను మెల్లగా, కత్తెర వెతుక్కుంటూ.