బిషప్పు గారి వంకీ కర్ర

ప్రియమైన అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. నాకు వయసు నిండింది. ఈ నెలాఖరుకి బిషప్పు పని చాలిస్తున్నాను. మా ఆంగ్లికన్ పద్ధతి ప్రకారం చివరి ఆరాధనలో, బిషప్పు పదవికి గుర్తుగా పట్టుకునే నా వంకీ కర్ర బలిపీఠం మీద పెట్టి, ఉత్తచేతులతో కిందికి దిగి రావాలి. తర్వాత వచ్చే బిషప్పు దాన్ని అందుకుంటారు. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి.

నీ తమ్ముడు

తా.క.: ఏడవకు. ఫొటోలు తీస్తారు.

*

ఒరేయ్ తమ్ముడూ,

దీవెనలు తర్వాత. ముందు నిజం చెప్పు, ఏం చేశావు? ఉత్తపుణ్యానికి ఎవరి చేతిలో కర్రా లాక్కోరు. మొదటి గుడిలో కప్పు కారుతుంటే గొడుగు కింద నిలబడి ప్రసంగం చేసినవాడివి. కమిటీ పెద్దలంతా కాదన్నా, నా కూతురితో సహా ఆడవాళ్ళని ఆరాధన నడిపే గురువుల్ని చేసి తీరినవాడివి. ఆ కక్ష ఇప్పుడు తీర్చుకుంటున్నారన్నమాట! ఆ కర్ర వాళ్ళు కొన్నది కాదు. వడ్రంగం మానేసిన నాన్న, వణికే చేతులతో నీకోసం చెక్కింది. దారినపోయే వాడెవడికో ఇస్తానంటే ఊరుకోను.

మీ అక్క

తా.క.: లాయర్ని చూడనా?

*

అక్కా,

లాయరు వద్దు, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇది శిక్ష కాదు, ఆచారం. నా తర్వాతి వాళ్ళకీ ఈ కర్రే ఉండాలని ఆనాడు నాన్నే అన్నాడు. కొత్తగా ఎవరొస్తారో నాకు తెలుసు. కానీ ప్రకటించేదాకా నోరు మెదపకూడదు. ఒకసారి ఇంటికి రా, కూర్చుని మాట్లాడుకుందాం.

నీ తమ్ముడు

తా.క.: నువ్వు మా ఆఫీసుకి రాసిన ఉత్తరం చదివి గుమస్తా సెలవు పెట్టాడు.

*

తమ్ముడూ,

నోరు మెదపకూడదన్నావంటే నాకర్థమైపోయింది, నిన్ను బెదిరించారు. అందుకే మొన్న నువ్వు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే, కర్రని దుప్పట్లో చుట్టి బస్సెక్కాను. కండక్టరు అడిగితే కర్టెన్ కడ్డీ అన్నాను. ఇక ఇవ్వను. చిన్నప్పుడు నేనూ ప్రసంగం చెబుతానంటే, ఆడపిల్లవి, కింద కూర్చోమన్నారు. కూర్చున్నాను. ఆ మంట ఇంకా చల్లారలేదురా. ఈసారి కూర్చోను.

మీ అక్క

తా.క.: పోలీసుల్ని పంపితే వాళ్ళకి చెబుతాను ప్రసంగం.

*

అక్కా,

ఇవాళ పొద్దున ప్రకటించారు గనక రాస్తున్నాను. నువ్వన్న ఆ దారినపోయేవాడు నీ కూతురే. ఎన్నికలో నాకు ఓటు లేదు, వరండాలో కూర్చున్నాను. లోపల దానికి ఓటేస్తూ చేతులెత్తింది ఆ కమిటీ పెద్దలే! నీకు చెప్పలేక అది ఎంత నలిగిపోయిందో. మనిద్దరికీ నాన్న ఒక్కడే, నాకు మాత్రమే కర్ర చెక్కాడని నేను సిగ్గుపడని రోజు లేదు. నా మేనకోడలి చేతిలో చూస్తేగానీ నాకు మనశ్శాంతి లేదు. ఆదివారానికి తెచ్చెయ్.

నీ తమ్ముడు

తా.క.: ఇప్పుడు ఏడ్చుకో, వద్దనను.

*

తమ్ముడూ,

ఏడ్చాను. ఎదురింటావిడ ఎవరు పోయారని పరిగెత్తుకొచ్చింది. కర్ర తెస్తున్నాను. బలిపీఠం మీద నువ్వే పెట్టు. అక్కణ్ణించి తీసి దాని చేతికిచ్చేది మాత్రం నేనే. ఆడది మెట్లెక్కకూడదని అడ్డొచ్చేవాళ్ళుంటే రమ్మను, చూసుకుంటాను.

మీ అక్క

తా.క.: కోప్పడకు. నీ ఉత్తరం రాకముందే, వాళ్ళకి దక్కకూడదని, నాన్న రంపంతోనే కర్ర కింద మూరెడు కోసేశాను. నా కూతురూ నా పొడవే కదా, పట్టుకుని చూశాను, అతికినట్టు సరిపోయింది. ఇకమీదట నీలాంటి పొడుగాటి మగవాళ్ళు ఈ పదవికి రావాలంటే వంగి నడవాల్సిందే.