తాగేసిన కావా

ఫ్యాక్టరీ నెట్‌వర్కు చూసే ఇలియెసా ఆఫీసరు గారికి, చేపలు కోసే షెడ్డు నుంచి బులా, నమస్కారం.

సొంత ఫోన్లకు నిన్న వైఫై ఆపేశారు. ఫ్యాక్టరీ రహస్యాలు బయటికి పోతాయట. మా దగ్గరున్న రహస్యం చేప కంపొక్కటే, అది వైఫై లేకుండానే ఊరంతా పోతుంది.

మా మెరియోని కూతురు అవతలి దీవిలో నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగితే పడవలో ఇక్కడి ఆసుపత్రికి తెస్తారు. నర్సు కబురు వైఫైలోనే రావాలి, షెడ్డులో వేరే సిగ్నలు లేదు. "చేప వదిలేసి ఫోనే చూస్తున్నా, అన్నా" అంటోంది. ఆమె ఫోనొక్కదానికి వైఫై తెరవండి.

కుదరదనకండి. ఇందాక టీ వేళ మీరు ఆనవాయితీగా చప్పట్లు కొట్టి తాగిన ఆ వేరు రసం, ఆ కావా, ఊరికే రాలేదు. అది ఈ మనవికి మెరియోని పెట్టిన కానుక. తాగాక కాదనడం మన దీవుల్లో ఉందేమో మీ అమ్మగారిని అడగండి.

మెరియోని ఫోను పట్టుకుని మీ గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఇట్లు,
ఆ కావా కలిపినవాడు