వంగిన గేరు రాడ్డు

మంగళవారం, పొద్దున పదిన్నర
మేడ మీది గది నుంచి కింది హాలుకి

చిరంజీవి అయిన నా కొడుక్కి,

మీ అమ్మ దీవించి రాయించేది. పైన నేను క్షేమం. కింద నువ్వు క్షేమమేనని నీ గురక రోజూ మేడ దాకా వచ్చి చెబుతూనే ఉంది.

ముందు నేనెవరో చెప్పాలట. ఇది రాసిపెడుతున్న పక్కింటి నర్సమ్మ మాట. అయితే రాయమన్నాను. ఈ వీధిలో నన్ను అద్దాల బండామె అంటారు. వయసు డెబ్బై నాలుగు. అద్దాల షాపు వ్యాను ముప్ఫై ఏళ్లు తోలిన డ్రైవరు భార్యని. ఆయన పోయి పదకొండేళ్లు. ఇంట్లో నేను, నువ్వు, నీ పెళ్లాం, ఇద్దరు మనవరాళ్లు, నీ అత్తగారు, వెరసి ఆరుగురం. నాకు అక్షరం ముక్క రాదు. నోరు మాత్రం వచ్చు. అది నీకు తెలుసు.

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. నోటితో చెబితే సగంలో నీ ఫోను మోగుతుంది. "తర్వాత మాట్లాడదాం అమ్మా" అంటావు. ఆ తర్వాత అనేది ఈ ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు. శనివారం నువ్వు షోరూముకి పోయి కొత్త కారుకి సంతకం పెడతానన్నావు. అందుకని నా వాదన కాగితం మీద పెట్టిస్తున్నాను. కాగితం మధ్యలో నువ్వు అడ్డు రాలేవు.

నిన్న అన్నం దగ్గర నువ్వన్న మాట నర్సమ్మకి యథాతథంగా చెప్పాను. పెద్ద కారు తీసుకుందాం, అందరం పడతాం, బాగుంది. డీజిలు ఇంజను, చేత్తో గేరు మార్చేది తీసుకుందాం అన్నావు. నీ పెళ్లాం నెమ్మదిగా, "ఆటోమేటిక్ అయితే నేనూ నడుపుతాను కదండీ" అంది. నువ్వు నవ్వావు. "గేరు లేనిది బండేనా? బొమ్మ. మా నాన్న చివరిదాకా గేరు మార్చే తోలాడు. ఆయన మారిస్తే వెన్నలో కత్తి దిగినట్టుండేది" అన్నావు. ఆ పిల్ల లేచి వెళ్లి కుళాయి తిప్పింది. తొట్టిలో కడగాల్సిన గిన్నె ఒక్కటీ లేదు. నేను చూశాను.

ముందు ఆ పిల్ల సంగతి. ఎనిమిదేళ్లు మీ పాత చిన్న కారు నీకంటే శుభ్రంగా నడిపింది. నీకు కోపం వచ్చినా ఇది నిజం. గేటు పక్క స్తంభానికున్న గీతలు నీవి, దానివి కావు. తను పనిచేసే ఆసుపత్రి మెట్ల మీద జారి ఎడమ మోకాలికి ఆపరేషను అయ్యాక, క్లచ్ తొక్కడం ఇక మానేయమన్నాడు డాక్టరు. రెండేళ్లుగా రక్తపరీక్షల గదిలో డ్యూటీకి రెండు బస్సులు మారి వెళుతోంది. ఆటోమేటిక్‌కి కుడి కాలు ఒక్కటి చాలు. ఆ కాలు దానికి నిక్షేపంగా ఉంది. గేరు బండి తెచ్చావంటే, ఆ పిల్ల ఈ జన్మకి మళ్లీ స్టీరింగు పట్టదు. నా వాదనంతా ఇదే. మిగతావన్నీ దీనికి తోకలు.

తోకలు కూడా విను. పోయిన ఆదివారం మమ్మల్నందరినీ మూడు బళ్లెక్కించి తిప్పావు. నేను స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. టై కట్టుకున్న సేల్స్‌మన్ "దాహమా మామ్మగారూ" అన్నాడు. "కాదు నాయనా, పరీక్ష" అన్నాను. మీ నాన్న కొత్త వ్యాను చూసినప్పుడల్లా చేసే పరీక్ష అది. గాజు పలకలు మోసే బండికి నీళ్లు ఒలక్కూడదు.

మొదటిది నువ్వు మెచ్చిన డీజిలు గేరు బండి. లాగుడుంది, కాదనను. కానీ మన వీధి ఎత్తులో నువ్వు ఆగి మళ్లీ కదిలించేసరికి బండి రెండడుగులు వెనక్కి జారింది, నా చీర తడిసింది. నీ అత్తగారు కిటికీలోంచి తల బయట పెట్టి దేవుణ్ణి పిలిచింది. రెండోది ఆటోమేటికే, కానీ చవక రకం. పాత గేరుపెట్టెకే క్లచ్ తొక్కే మిషను ఒకటి తగిలించారట. గేరు మారినప్పుడల్లా నత్తివాడు మాట వెతుక్కున్నట్టు ఆగి, ముందుకి తూలింది. సగం గ్లాసు పోయింది. మూడోది పెట్రోలు, టర్బో ఉన్నది, నూనెతో తిరిగే అసలైన ఆటోమేటిక్. ఎత్తు ఎక్కింది, దిగింది, ట్రాఫిక్‌లో ఇరవైసార్లు ఆగింది. గ్లాసులో నీళ్లు గ్లాసులోనే ఉన్నాయి. చివర్లో అవి నీ అత్తగారే తాగింది.

ఇక డీజిలు ఎందుకు వద్దంటే, ఎదురు షెడ్డు పెద్దాయన్ని అడిగాను. మీ నాన్న వ్యానుని ఇరవై ఏళ్లు విప్పి బిగించిన మనిషి. ఇప్పటి డీజిలు బళ్లలో పొగ మసిని పట్టే జల్లెడ ఉంటుందట. బండి దూరం పోయి బాగా వేడెక్కితేనే ఆ మసి కాలుతుందట. మన తిరుగుడెంత? బడి, ఆసుపత్రి, నీ ఆఫీసు. ఇంజను ఒళ్లు వెచ్చబడేలోపు దిగిపోతాం. ఆ జల్లెడ మూసుకుపోయి నెలకోసారి ఆయన గుమ్మం తొక్కాలి. "నాకైతే లాభమేనమ్మా" అని నవ్వాడు. రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాడికి డీజిలు మంచిదే. నువ్వు తిరిగేది మాటల్లోనే.

చదువురాని దానికి ఇంజన్ల గొడవేమిటంటావేమో. మీ నాన్న వ్యాను మానేసేదాకా, చివరి తొమ్మిదేళ్లు ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. పలకలు కనిపెట్టుకుని ఉండడానికని షాపు ఓనరుతో చెప్పి తీసుకెళ్లేవాడు. ఇంజను మూలిగితే ఏ గేరు అడుగుతోందో, గొంతు సర్దుకుంటే ఏది కోరుతోందో, నా చెవికి తెలుసు. పొద్దున్నే బయల్దేరేవాళ్లం. అద్దాల మీద ఎండ పడి వీధి వీధంతా వ్యాను లోపలికి వచ్చి కుడి ఎడమై నడిచేది. బడి సెలవుల్లో నువ్వు వెనక దుప్పట్ల మీద, పలకల మధ్య కూర్చునేవాడివి. చిన్న జాలీ కిటికీలోంచి మా ఇద్దరి తలలూ తప్ప నీకేమీ కనబడేది కాదు. బండి దిగాక "నాన్నా, గేరు మారినట్టే తెలియలేదు" అనేవాడివి. ఆ తొమ్మిదేళ్లలో ఒక్క పలక పగల్లేదు. ఓనరు పదిమంది డ్రైవర్ల ముందు మీ నాన్నని నిలబెట్టి, "గేరు వెయ్యడం ఇతన్ని చూసి నేర్చుకోండి" అన్నాడు. మీ నాన్న ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, దర్జాగా, కింద చూస్తూ నిలబడ్డాడు. నువ్వూ ఇప్పుడు అలాగే నిలబడతావు.

కాబట్టి నా తీర్పు. పెట్రోలు, టర్బో, ఆ మూడో రకం ఆటోమేటిక్. షోరూము నుంచి ఇంటికి నీ పెళ్లాం నడపాలి. నువ్వు పక్క సీట్లో నోరు మూసుకుని కూర్చోవాలి. గేరు బండే తెస్తానంటావా, తెచ్చుకో. నేను మాత్రం దాన్ని ఎక్కను. పోయాక కూడా ఎక్కించొద్దు, నలుగురూ మోసుకుపోండి.

నర్సమ్మ ఇక్కడ ఆగి "ఇది కూడా రాయనా" అంది. ముందు ఇదే రాయమన్నాను.

ఇట్లు,
నీ మేలు కోరి నిన్ను తిట్టే
మీ అమ్మ

తాజా కలం: ఉత్తరం ఇక్కడితో అయిపోవాలి. కానీ మీ నాన్న పేరు చెప్పి నువ్వు గెలవబోతున్నావు. అందుకని ఆయనకిచ్చిన మాట తప్పుతున్నాను.

నీకు ఆరేళ్లప్పుడు, గోదాములో పలకల పెట్టె మీ నాన్న ఎడమ భుజం మీద పడింది. నీకు బెణికిందని చెప్పాం. అది బెణుకు కాదు. ఆ చెయ్యి వేలాడేది, అన్నం గిన్నె పట్టుకునేది, కానీ ముందుకి తోసే బలం మళ్లీ రాలేదు. అందుకే జేబులో. తెలిస్తే ఓనరు తీసేసేవాడు. అందుకే నేను పక్క సీటెక్కాను. క్లచ్ ఆయన తొక్కేవాడు, గేరు నేను మార్చేదాన్ని. మా మధ్య మాట ఉండేది కాదు. ఆయన మోకాలు కిందికి వెళితే నా చెయ్యి ముందుకి వెళ్లేది. నువ్వు వెన్నలో కత్తి అన్నావే, ఆ చెయ్యి నాది.

నమ్మకపోతే నీ బల్ల మీద కాగితాలకి బరువుగా పెట్టుకున్నావు చూడు, మీ నాన్న గుర్తని, ఆ గేరు పిడి. దాని మీద చెక్కిన అంకెలు తిన్నగా నీకు ఎదురుగా పెట్టి చూడు. అరిగింది ఎడమ పక్క. కుడి సీట్లో కూర్చునే డ్రైవరు చెయ్యి అరగదీస్తే కుడి పక్క అరగాలి. ఆ అంకెలు నాకు చదవడం రాదు. నా అరచేతికి వచ్చు.

ఒకే ఒక్కసారి మీ నాన్నని అడిగాను, ఖాళీ మైదానం చూపించి, "ఒకసారి నేను తోలనా" అని. నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. కానీ నవ్వాడు. మళ్లీ అడగలేదు. తొమ్మిదేళ్లు సగం బండి నడిపిన దాన్ని, ఆ సీట్లో ఒక్కసారీ కూర్చోలేదు. నిన్న అన్నం దగ్గర నువ్వు నవ్వింది అదే నవ్వు.

ఆ పిల్ల నవ్వించుకుని ఊరుకుంటుంది, నాలాగే. అలా ఊరుకోనివ్వకు.

పైన రాసినదంతా చదివి వినిపించగా విని, నిజమని ఒప్పుకుని వేసిన కుడి చేతి బొటనవేలి ముద్ర:

( ముద్ర )
అద్దాల బండామె

సాక్షులు:

ఒకటి. పక్కింటి నర్సమ్మ, రాసినది. నా సొంత మాట ఒక్కటీ కలపలేదు. తిట్లు నాలుగు తగ్గించాను.

రెండు. ఎదురు షెడ్డు పెద్దాయన. వ్యాను గేరు రాడ్డు ఏదో తగిలి పక్కకి వంగిందని మీ నాన్న నీతో చెప్పాడు కదా బాబూ. ఏదీ తగల్లేదు. వేడి చేసి వంచింది నేనే. ఎంత వంచమంటావని అడిగితే, మీ నాన్న చెప్పిన కొలత ఇది: "మా ఆవిడ చెయ్యి ఎంతవరకు అందితే అంత."