సుధామణి అక్క జాగాలో

జనవరి 9, 2026. జగదల్‌పూర్

ఎల్లుండి మ్యాచ్‌లో కూడా నేనే ఆడుతున్నాను. సుధామణి అక్క మోకాలు ఇంకా మానలేదు కాబట్టి.

రెండో వాక్యం రాయకుండా ఉండాలనుకున్నాను. చెయ్యి ఆగలేదు. హాకీ లీగ్ మొదలైనప్పుడు నేనూ లక్మే బెంచీ మీద కూర్చుని సీనియర్లకు వాటర్ బాటిళ్లు అందించేవాళ్లం. తర్వాత ఒకే వారంలో ఇద్దరు సీనియర్లకు దెబ్బలు తగిలాయి. ఫార్వర్డ్‌లో లక్మేకి, డిఫెన్స్‌లో నాకు చోటు దొరికింది. లక్మేది కిష్టారం. టీమ్‌తో హిందీ, ఇంటికి ఫోన్ చేస్తే దొర్లీ, నాతో తెలుగు. మాది తర్లగూడ. తెలుగు మాట్లాడుకుంటే ఇద్దరికీ ఇల్లు కొంచెం దగ్గరైనట్టు ఉంటుంది.

ఆడుతున్నాం. బాగానే ఆడుతున్నాం. అయినా ఎవరో వచ్చి లెమ్మంటే లేవాల్సిన కుర్చీలో కూర్చున్నట్టే ఉంది.

జనవరి 11

గెలిచాం. లక్మే గోల్ కొట్టింది. నేను మా గోల్ ముందరి సర్కిల్ దగ్గరే బాల్ పోగొట్టుకున్నాను, అదీ రెండుసార్లు. గోల్‌కీపర్ కాపాడింది. ఎవరూ పట్టించుకోలేదనుకున్నాను. కోచ్ రాంచందర్ సర్ పట్టించుకున్నాడు.

మ్యాచ్ అయ్యాక ఒక టీవీ అతను సర్‌ని అడిగాడు, ఈ కొత్త పిల్లలు టీమ్‌లో నిలబడతారా అని. అభీ రెడీ నహీ హై అన్నాడు సర్. నేను పక్కనే కూర్చుని షూ విప్పుకుంటున్నాను. నేను అక్కడున్నానని ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు.

జనవరి 12, ఉదయం 5:30

ఎప్పుడు రెడీ అవుతానో ఈ రోజు అడుగుతాను. మొహం మీదే అడుగుతాను.

జనవరి 12, సాయంత్రం

అడిగాను. సర్ భోపాల్‌పట్నం కోమట్ల కుటుంబం మనిషి, కోపం వచ్చినా ప్రేమ వచ్చినా హిందీలోకి పోతాడు. ఈ రోజు తెలుగులోనే చెప్పాడు. పెనాల్టీ కార్నర్‌లో నువ్వు ఫస్ట్ రన్నర్‌వి బిడ్డా, నీ పనేంది అన్నాడు. వాళ్లు బాల్ లోపలికి తోయగానే గోల్ లైన్ మీంచి దూసుకెళ్లి, కొట్టే పిల్ల ముందు ఒంటిని అడ్డం పెట్టడం అన్నాను. మరి నువ్వు బాల్ మీదికి ఉరుకుతలేవు, బాల్ పక్కకు ఉరుకుతున్నవ్ అన్నాడు.

నిజమే. ఆఖరి అడుగులో నా భుజం దానంతటదే పక్కకు తిరుగుతుంది. మాస్క్ ఉన్నా, మోకాళ్లకు గార్డులున్నా. రాయిలాంటి బంతి అది. సర్ భయపడొద్దు అనలేదు. భయపడు, కానీ జరగకు అన్నాడు.

జనవరి 16

బంతి తగిలి తొడ మీద నల్లగా కమిలింది. అయినా జరగలేదు.

జనవరి 17

సుధామణి అక్క టర్ఫ్ మీదికి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, గట్టిగానే.

ఈ టీమ్‌లో అందరికంటే పెద్దది అక్కే. కిరండుల్‌లో పుట్టింది. వాళ్ల నాన్న గనిలో పనికని శ్రీకాకుళం నుంచి వచ్చాడట, అక్క మాటలో ఆ యాస ఇంకా పోలేదు. ప్రాక్టీస్ అయ్యాక నా దగ్గరికే వచ్చింది. ఏటే పిల్లా, నీ మీద నాకేటీ కోపం నేదు, కానీ నా జాగా నానొగ్గను అంది. నవ్వకుండా అంది.

నాకు నచ్చింది. తీపి మాటలు చెప్పి ఉంటే భయమేసేది. నేనూ ఊరికే ఇయ్య అక్కా అన్నాను. అప్పుడు నవ్వింది. అయితే కొన్ని కిటుకులు చెప్పు అని అడిగాను. ఇంకా నయం అని వెళ్లిపోయింది.

జనవరి 20

లక్మేని జూనియర్ స్క్వాడ్‌కి పంపేశారు. దెబ్బ తగిలిన ఫార్వర్డ్ తిరిగొచ్చింది. గోల్స్ కొడుతుంది కానీ బాల్ పోతే వెనక్కి రాదు అన్నాడట సర్. లక్మే దోమతెర విప్పి, మడత పెట్టి, బ్యాగులో కుక్కింది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. ఎనకకు ఉరుకుడే గదా, నేర్సుకొని వస్త అంది. జూనియర్ల గదులు ఇదే క్యాంపస్‌లో, అవతలి బ్లాక్‌లో. అయినా ఈ గది చాలా పెద్దదైపోయింది.

తర్వాత సర్ నన్ను పిలిచాడు. ఆదివారం రాంచీ టీమ్‌తో మ్యాచ్‌కి సుధామణి అక్క ఆడుతుంది. నేను బెంచీ.

జనవరి 22

చూడకూడనిది చూశాను.

అక్క మెట్లు దిగుతుంటే చూశాను. అడ్డంగా, ఒక్కో మెట్టూ, రెండు చేతులతో రైలింగ్ పట్టుకుని. పొద్దున ఫిట్‌నెస్ టెస్ట్ పాసైన మనిషి. నన్ను చూసి నిటారుగా నిలబడింది. గదిలోకి లాక్కెళ్లి ప్యాంటు పైకి మడిచి చూపించింది. మోకాలు ఉబ్బి మెరుస్తోంది. టెస్ట్‌కి ముందు నొప్పి మాత్రలు వేసుకుందట. ఎవులికీ సెప్పకే, ఇదే నా ఆకరి సీజన్, కూకుంటే మరి లెగనేను అంది. నా చెయ్యి వదల్లేదు.

సరే అన్నాను. ఏం చెయ్యను మరి.

జనవరి 23

సరే అన్న మాటే కానీ అన్నం దిగలేదు. ఆదివారం ఆ మోకాలితో కార్నర్‌కి దూసుకెళ్తే? చెప్తే అక్క ఆట పోతుంది. చెప్పకపోతే అక్క కాలే పోవచ్చు. చెప్తే ఆడేది నేను. అదే చిక్కు.

లక్మేకి చెప్పాను. నువు జెప్తే అందరు నిన్ను తిడ్తరు, నాకు గీ సంగతి తెల్వకుంటే నేను గూడ తిడ్దును అంది. ఆ మాట విని ఇద్దరం నవ్వాం. ఏదీ తేలలేదు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. అమ్మ వెంకటాపురం వైపు మిరపకాయ ఏరడానికి పోయింది, వెనకాల ఆడవాళ్ల మాటలు వినబడుతున్నాయి. పేరు చెప్పకుండా అంతా చెప్పాను. అమ్మ ఆ మాటల్లోంచి పక్కకు వచ్చింది. తర్వాత అంది: ఏందే, నీకు లాభమున్నదని నిజం జెప్పుడు బంద్ వెడ్తవా?

మళ్లీ మిరపకాయల సంగతి చెప్పసాగింది. నేను వినలేదు.

జనవరి 24

పొద్దున్నే అక్క దగ్గరికి వెళ్లాను. నువ్వే సర్‌కి చెప్పు అక్కా, సాయంత్రం దాకా చూస్తా, లేకపోతే నేను చెప్తా అన్నాను. అక్క నన్ను కొడుతుందనుకున్నాను. జాగా కోసమా అంది. తలుపు వేసుకుంది.

సాయంత్రం దాకా అక్క చెప్పలేదు. నేనే చెప్పాను.

సర్ విని, ఆమె ఆడకుంటే నువ్వే ఆడాలె, ఎరికేనా అన్నాడు. ఎరికే అన్నాను. నన్ను కూడా పెట్టకండి సర్, అప్పుడెవరూ ఏమీ అనరు, అని చెప్పాలని దారంతా అనుకుంటూ వెళ్లాను. నోటి దాకా వచ్చింది. అనలేదు. నాకు ఆడాలని ఉంది. అది తప్పెందుకవుతుంది?

అక్కని వెంటనే స్కాన్‌కి తీసుకెళ్లారు. లిగమెంట్ సగం తెగి ఉందట. ఇంకొక్కసారి మెలిక పడితే పూర్తిగా పోయేదట.

జనవరి 25, ఉదయం

టిఫిన్‌కి నా బల్ల దగ్గర నేనొక్కదాన్నే. పోహా మొత్తం తిన్నాను. ఆడాలంటే తినాలి.

జనవరి 25, సాయంత్రం

రాస్తుంటే వేళ్లు నొప్పి. అయినా రాయాలి.

మొదటి క్వార్టర్‌లో నాకెవరూ పాస్ ఇవ్వలేదు. నేను ఖాళీగా ఉన్నా అవతలి వైపే కొట్టారు. సరే, రాంచీ వాళ్ల దగ్గర్నుంచే లాక్కుంటాను అనుకున్నాను. లాక్కున్నాను. ఒకటి, ఇంకొకటి. హాఫ్ టైమ్ తర్వాత కెప్టెన్ నా వైపు మొదటి పాస్ ఇచ్చింది, చూడకుండానే. అప్పటికి ఒక గోల్‌తో ముందున్నాం.

చివరి క్వార్టర్‌లో వాళ్లకి వరసగా కార్నర్లు. మాస్క్ పెట్టుకుని లైన్ మీద వంగి నిలబడ్డాను. గుండె చప్పుడు మాస్క్ లోపల వినిపించింది. బాల్ కదిలింది. పరుగెత్తాను. మోకాలి గార్డుకి తగిలి బయటికి పోయింది. మళ్లీ కార్నర్. ఈసారి పొట్టలో. ఊపిరి ఆగి టర్ఫ్ మీద పడిపోయాను. నోట్లో నీళ్ల తడి, రబ్బరు వాసన. కెప్టెన్ మోచెయ్యి పట్టుకుని లేపింది. చల్, ఉఠ్, ఔర్ ఏక్ హై అంది. ఇంకో కార్నర్ ఉంది. నిన్నటి నుంచి ఆమె నాతో అన్న మొదటి మాట.

ఆ మూడోది గోల్ అయింది. నేను జరగలేదు. లేటయ్యాను.

డ్రా.

డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరూ నన్ను కౌగిలించుకోలేదు. కానీ ఎవరో నా పొట్ట మీద ఐస్ బ్యాగ్ పెట్టారు. కళ్లు మూసుకుని ఉన్నాను, ఎవరో తెలియదు.

జనవరి 28

సర్ అందరి ముందూ చెప్పాడు. సీజన్ అయ్యేదాకా డిఫెన్స్‌లో వినీతే, అంటే నేనే. తర్వాత నా వైపు తిరిగి, రెడీ అయినవని కాదు, అయితున్నవని అన్నాడు.

అది చాలు. మిగతాది నేను చూసుకుంటాను.

సుధామణి అక్క ఆపరేషన్ వచ్చే నెల, రాయ్‌పూర్‌లో. అక్క గదికి వెళ్లాను. తలుపు తియ్యలేదు. రేపు మళ్లీ వెళ్తాను.

జనవరి 29

తియ్యలేదు.

జనవరి 31

కార్నర్ ప్రాక్టీస్. ఫెన్సింగ్ అవతల కుర్చీలో సుధామణి అక్క. కాలికి బ్రేస్. నా వైపు చూడలేదు. నేనూ చూడనట్టే ఉన్నాను. పరుగెత్తాను, లేటు. మళ్లీ, లేటు. ఉన్నట్టుండి అక్క ఫెన్సింగ్ పట్టుకుని, ఒంటికాలి మీద లేచి, గ్రౌండ్ అంతా వినబడేలా అరిచింది: ఏటే పిల్లా, బాల్‌ని సూడకు, బాల్ తోసే దాని సేతులు సూడు!

చేతులు చూశాను.