బస్సు మాట ఎవరూ ఎత్తలేదు

అక్కా,

మన ఎమ్మెల్యే మళ్లీ గెలిచాడు. ఊరికి బస్సు వేయిస్తానని వేయించనివాడే. ఆ బస్సు లేకే కదా, కిక్కిరిసిన ఆటోలో కాలేజీకి పోతూ యాచారం దారిలో నువ్వు ప్రాణం పోగొట్టుకున్నావు.

ఇబ్రహీంపట్నం సభకు వచ్చిన ప్రతిపక్ష అభ్యర్థికి నీ సంగతి చెప్పి, బస్సు ఏదని ఎమ్మెల్యేని నిలదీయమన్నాను. "తప్పకుంట అడుగుత, చెల్లె" అన్నాడు. తీరా మైకు అందుకుని ఎమ్మెల్యే నత్తిని ఎక్కిరించి దిగిపోయాడు.

మర్నాడు ఎమ్మెల్యే మన గడపలో కన్నీళ్లు పెట్టుకున్నాడు. "న... నన్ను నవ్విన్రమ్మా." అమ్మ కరిగిపోయింది. "పాపం, మాట రానోణ్ణి గట్ల అంటరా?" అంది. ఓటు అతనికే వేసింది.

నిన్న ఊరేగింపులో అతని జీపు మన ఇంటి ముందు ఆగింది. "బస్సు ఎప్పుడొస్తది సార్?" అని అడిగాను. అతను నోరు తెరిచేలోపే అమ్మ నా చెయ్యి గుంజింది.

"ఊకో. నువ్వు గూడ ఎక్కిరిస్తవా?"