నల్ల గోళీ

డావెన్‌పోర్ట్, 9 జనవరి 1887

వీబ్కె అక్కా,

నీ తమ్ముడు అధ్యక్షుడయ్యాడు. ఈ ఊళ్ళో సగం గుర్రాలు నేను కుట్టిన జీనులే మోస్తున్నాయని ఇదివరకే రాశాను కదా, ఇప్పుడు మా హోల్‌స్టైన్ సోదర సంఘంలో పెద్ద కుర్చీ కూడా నాదే. మెడలో పట్టీ, చేతిలో కొయ్య సుత్తి. "బడాయికోరు" అంటావు. అనుకో, ఫరవాలేదు.

కానీ ఆ కుర్చీలో కూర్చున్న అరగంటకే గుండె జారిపోయింది. పీపాలు చేసే హిన్రిఖ్ గుర్తున్నాడుగా, నాతో ఒకే ఓడలో వచ్చినవాడు. ఆరేళ్ళ కిందట సంఘంలో అతని పేరు ప్రతిపాదించింది నేనే. కొత్తవాణ్ణి చేర్చుకోవాలంటే మా దగ్గర గోళీలతో ఓటు. గుడ్డ కప్పిన పెట్టెలో చెయ్యి పెట్టి, కుడి అరలోంచి తెల్లది గానీ ఎడమ అరలోంచి నల్లది గానీ తీసి మధ్య కన్నంలో వెయ్యాలి. ఒక్క నల్లది పడినా మనిషి బయటే. ఎవరు ఏది వేశారో చచ్చినా చెప్పకూడదని ప్రమాణం. ఆ రోజు సరిగ్గా ఒక్కటి పడింది. పెట్టె పక్కన నిలబడ్డ రొట్టెల వెసెల్ పనే అని తేల్చేశాను. అప్పటినుంచి వాడి కొట్టు గడప తొక్కలేదు, మరో నలుగురి చేత కూడా మాన్పించాను.

నిన్న అధ్యక్షుడిగా పెట్టె తనిఖీ చేస్తూ, అలవాటు కొద్దీ కుడివైపు చెయ్యి పెట్టాను. నల్లది వచ్చింది. సభ్యులు పెట్టెకు అటువైపు నిలబడతారు, నేను ఇటు కూర్చున్నాను. వాళ్ళ కుడి నాకు ఎడమ. ఆరేళ్ళ కిందట, జబ్బుపడిన అధ్యక్షుడి బదులు ఈ కుర్చీలోంచే, కుడివైపుది తెల్లదనుకుని ధీమాగా గోళీ వేసింది నేను. ఆ నల్లది నాదే అక్కా.

ఒప్పుకుంటే ప్రమాణం తప్పినట్టు, కుర్చీ పోతుంది. ఏం చెయ్యమంటావు?

నీ డెట్లెఫ్

20 ఫిబ్రవరి

అక్కా,

నోరు మూసుకుని కుర్చీలో కూర్చోమని రాశావు. నీ మాట నేనెప్పుడు విన్నాను గనక.

ముందు వెసెల్ కొట్టుకే వెళ్ళాను. పిండి చేతులతోనే నిలబడి అంతా విన్నాడు.

"తెలుసు. నీ చెయ్యి ఎటు వెళ్ళిందో చూశాను," అన్నాడు.

ఆరేళ్ళు నా చేత తిట్లు తింటూ ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"ప్రమాణం చేశానుగా. పైగా నీ స్నేహితుణ్ణి నువ్వే కావాలని తన్నేశావనుకున్నాను. నీలాంటివాడితో మాటలేంటి?"

నాలుగు రొట్టెలు ఇమ్మన్నాను. మంచివి ఏరి ఇచ్చాడు. వచ్చే సభలో లేచి చెప్పేస్తాను, ఇక ఆగను.

డెట్లెఫ్

27 మార్చి

వీబ్కె అక్కా,

చెప్పేశాను. నలభై ఒక్కమంది ముందు, గొంతు వణక్కుండా. పట్టీ తీసి బల్ల మీద పెట్టాను. నియమం నియమమే అన్నారు, కుర్చీ పోయింది. ఏ పనైనా ఇస్తే చేస్తానన్నాను. తలుపు కాయమన్నారు. అన్నిటికన్నా చిన్న పని అదే. డావెన్‌పోర్ట్‌లోకెల్లా గొప్ప జీనుల పనివాడు తలుపు కాస్తున్నాడని మన ఊళ్ళో చెప్పుకో.

హిన్రిఖ్ దగ్గరికి మర్నాడు వెళ్ళాను. కొడతాడనుకున్నాను. పీపా మీద కూలబడ్డాడు.

"ఆరేళ్ళుగా వీధిలో ఎదురైన ప్రతి సంఘంవాణ్ణీ చూసి, వీడేనా నన్ను వద్దన్నది అనుకుంటూ బతికాను. అయితే ఎవడూ వద్దనలేదన్నమాట."

ఇద్దరం ఏడ్చాం అక్కా, దాచడమెందుకు. మళ్ళీ సంఘం గుమ్మం తొక్కనని ఒట్టేసుకున్నవాడు, సరే పేరు పెట్టండి అన్నాడు. పెట్టింది వెసెల్. ఓటు రోజున నా వంతు వచ్చినప్పుడు ఏ వైపు నిలబడ్డానో మూడుసార్లు చూసుకున్నాను. వెనకనుంచి అందరూ నవ్వారు. నలభై రెండూ తెల్లవే పడ్డాయి.

నిన్న అతని ప్రవేశం. బయటినుంచి మూడుసార్లు తట్టాడు. ఎవరది అని అడగడం తలుపు కాసేవాడి పని. నేను గడియ పట్టుకుని నిలబడ్డాను.

"అడగవోయ్, ఆరేళ్ళనుంచి నిలబడ్డాను," అన్నాడు అవతలినుంచి.

అడగలేదు. తలుపు తీశాను.

తలుపు కాసే నీ తమ్ముడు,
డెట్లెఫ్