నా చేను ఓబులేసు దున్నాలి

తర్లుపాడు మండలంలో వ్యవసాయం చేసుకుని బతికే ఏరువ రోశమ్మ అను నేను, భర్త కీ.శే. పుల్లయ్య, కాళ్లు సహకరించకపోయినా బుద్ధి సరిగానే ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా. కొడుకును చంపినవాడికి ఆస్తి రాసే ముసలిదానికి మతి ఉందా అని నా మరిది బ్రహ్మం ఊరంతా అడుగుతున్నాడు. ఉంది నాయనా, నీకంటే ఎక్కువే ఉంది.

1. బోరు కింది రెండెకరాలు నా తదనంతరం పక్కచేను ఓబులేసుకు చెందాలి. ఉమ్మడి బోరు నీళ్ల వంతు దగ్గర మాటామాటా పెరిగి, అతడు పార ఎత్తి కొడితే నా ఒక్కగానొక్క కొడుకు శివకృష్ణ చనిపోయాడు. మా ఊళ్లో ఒకరి ఎద్దు మరొకరి చేతిలో చస్తే, చంపినవాడు తన ఎద్దును తెచ్చి సాగు ముగిసేదాకా ఎద్దు పోయినవాడి కాడికి కట్టాలి. కోర్టులో ఓబులేసు ఏడ్చి, "పెద్దమ్మా, బతికినన్నాళ్లూ నీ చేను నేనే దున్నుతా" అన్నాడు. నేనూ అదే అడిగాను. చట్టంలో అట్ల లేదని యావజ్జీవం వేశారు. ఎద్దుకు దొరికిన న్యాయం నా కొడుక్కు దొరకలేదు. ఇప్పుడు నా చేనూ బీడే, వాడి చేనూ బీడే.

2. నా వెండి కడియాలు, పాడి బర్రె ఓబులేసు భార్య ఝాన్సీకి. మొగుడు జైలుకు పోయినప్పటి నుంచి నాకింత సంగటి పెడుతున్నది ఆమే. ఏ తప్పూ చేయని ఆ పిల్లకు శిక్ష ఎవరు వేశారు?

3. ఉరి వేయాలని కోర్టు మెట్ల మీద అరిచిన బ్రహ్మానికి నా ఇల్లు. శివకృష్ణ పోయాక ఒక్కపూట గంజి తెచ్చిన పాపాన పోలేదు. ఈ మాట తీసేద్దామని ఈ కాగితం రాస్తున్న రైటరు అన్నాడు. ఉంచమన్నాను. ఈ వీలునామా అమలు చేయాల్సింది కూడా బ్రహ్మమే, నాకు ఇంకెవరూ లేరు.

4. పోయిన వేసవిలో జైలుకు పోయి చూశాను. జాలీ అవతల నుంచి ఓబులేసు, "కంది ఇత్తేది ఏ కార్తెలో పెద్దమ్మా? మతికి రావట్లే" అన్నాడు. ఈ జైళ్లు ఎత్తేయాలి. నష్టం చేసినవాణ్ణి నష్టపోయినవాళ్ల చేలో పనికి పెట్టాలి. ఎవరూ పెట్టరని తెలుసు. చెప్పుకోడానికి వేరే చోటు లేక ఇక్కడ రాయిస్తున్నాను.

5. నా చితికి నిప్పు పెట్టే కొడుకు లేడు. ఆ పని ఓబులేసు చేయాలి. పోలీసులను వెంటబెట్టి అయినా ఒక్కపూట పంపమని బ్రహ్మం అర్జీ పెట్టాలి. పెట్టడు. పెట్టినా, వాళ్లు కాగితం కదిపేదాకా నా శవం ఆగదు. అప్పుడు ఎవరు పెడతారో పెట్టండి. పెట్టేముందు మాత్రం, ఈ పని ఓబులేసుదని అందరికీ వినబడేట్టు ఒకసారి చెప్పండి.

మార్కాపురం, 14-11-2025
ఏరువ రోశమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు (ఊరివాళ్లు రామన్నారు గనుక):
పాల్ రాజు, నన్ను తీసుకొచ్చిన ఆటో డ్రైవరు
ఎలీషబా, రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట టీ బంకు